వింత వెలుగులు – వాని విచారణ

పీణ్యలో రాత్రివేళ సైతము ఆకాశము పూర్తిగా నల్లబడదు. కార్ఖానాల దీపములు, మెట్రో స్టేషను దీపములు, తుమకూరు రహదారిపై లారీల వెలుగులు, అన్నియు కలిసి దానిని బూడిదరంగున నుంచుచున్నవి. ఐనను రెండవ షిఫ్టు ముగించుకొని వచ్చు తండ్రులును, ఆరవేసిన బట్టలు తీయుటకు డాబాపైకి వెళ్ళు తల్లులును ఒక్కొక్కప్పుడు తలయెత్తి, “అదేమి వెలుగు?” అని నిలిచిపోవుచుందురు. మరునాడు ఆ ప్రశ్న పిల్లల నోట మా తరగతులకు వచ్చుచున్నది. పల్లెలో పొలముగట్టుపై కదలిన దీపమును మన పెద్దలు కొరివిదయ్యమనిరి. పట్టణమునకు వచ్చిన పిదప అదియే ఎగిరే పళ్ళెమైనది.

ఇట్టి ప్రశ్ననే ఒకసారి మన దేశపు సైన్యము అడుగవలసి వచ్చినది. దానికి తుదకు సమాధానము చెప్పినవారు మన బెంగుళూరు నగరమందలి శాస్త్రజ్ఞులు. ఆ వృత్తాంతమును ఇచట కొంత విపులముగా చెప్పెదము.

లడఖ్ ప్రాంతమున పాంగాంగ్ అను పొడవైన ఉప్పునీటి సరస్సు గలదు. అది సముద్రమట్టమునకు 4,000 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. దాని పడమటి భాగము మన అధీనమునను, తూర్పు భాగము చైనా అధీనమునను ఉన్నవి. నడుమ నున్నది వాస్తవాధీన రేఖ. అది నేలపై గీచిన గీత కాదు. ఏది యెచట నున్నదో ఇరుపక్షములవారును ఒకే విధముగా చెప్పరు. 2012 ఆగస్టు మొదలుకొని ఆ ప్రాంతమున కాపలా కాయుచున్న మన సైనికులకును, భారత టిబెట్ సరిహద్దు పోలీసు దళమువారికిని, చైనావైపు కొండలమీదుగా పసుపువన్నె వెలుగులు లేచుట కనబడినది. అవి మెల్లగా పైకి వచ్చి, గంటలకొలది ఆకాశమున సాగి, కనుమరుగగుచుండెను. ఒకనాడు గాదు, రెండునాళ్ళు గాదు. 2013 ఫిబ్రవరి వరకు మొత్తము 329 పర్యాయములు వానిని చూచినట్లు వారు వ్రాసి యుంచిరి. అందు 155 పర్యాయములు ఆ వెలుగులు రేఖను దాటి మనవైపునకు వచ్చినవని లెక్కించిరి. ఇవి చైనావారి గూఢచారి డ్రోనులై యుండునని వారి యనుమానము.

ఆ యనుమానమును విని నవ్వరాదు. ఎముకలు కొరుకు చలిలో, అర్ధరాత్రివేళ, పొరుగుదేశపు కొండమీదనుండి ఒక దీపము లేచి తమవైపునకు వచ్చుచుండగా చూచి ఊరకుండుట కావలివాని పని కాదు. చూచినదానిని పైకి తెలుపుటయే అతని పని. కాని ఆ అంకె యెంత ప్రమాదకరమైనదో గమనింపుడు. 155 పర్యాయములు పరదేశపు యంత్రములు మన గగనతలమును అతిక్రమించినవని ఒక కాగితముపై నుండుట సామాన్య విషయము కాదు. 2013 ఏప్రిల్, మే నెలలలో అదే లడఖ్‌లోని దెప్సాంగ్ మైదానమున ఇరుదేశముల సైన్యములును సుమారు మూడు వారములు ఎదురెదురుగా గుడారములు వేసికొని నిలిచిన సంగతి పెద్దలకు జ్ఞాపక ముండవచ్చును. అట్టి సమయమున ఒక దీపమును గూర్చిన పొరపాటు దీపముతోనే ఆగిపోవునని యెవరు చెప్పగలరు?

విచారణ ఆరంభమైనది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థవారును, జాతీయ సాంకేతిక పరిశోధన సంస్థవారును ఇందు పాల్గొనిరి. అప్పటి పత్రికలు ప్రకటించిన దానినిబట్టి, సరస్సు సమీపమున ఒక కొండపైకి రాడార్ యంత్రమును, రేడియో సంకేతములను పట్టు మరియొక యంత్రమును చేర్చిరి. కంటికి స్పష్టముగా కనబడుచున్న వెలుగు రాడార్‌కు చిక్కలేదు. దానినుండి యే రేడియో సంకేతమును రాలేదు. మనవారి డ్రోనొకటి ఆ వెలుగు దిక్కుగా ఎగిరి, తాను పోగలిగినంత యెత్తునకు పోయి, దానిని అందుకొనలేక తిరిగివచ్చినది. హాన్లే గ్రామమందలి ఖగోళ పరిశోధనాలయమునుండి వచ్చిన బృందము సెప్టెంబరులో మూడు దినములు పరిశీలించి, ఇవి ఆకాశగోళములు కావేమో యని తొలుత అభిప్రాయపడినట్లును ఆ పత్రికలే వ్రాసినవి. 2012 డిసెంబరులో నాటి రక్షణమంత్రి శ్రీ ఎ.కె. ఆంటోనీ గారు, గుర్తుతెలియని ఎగిరే వస్తువులు సరిహద్దున కనబడినవనుటకు నిశ్చయమైన ఆధారము లేదని లోకసభకు తెలిపిరి.

అనగా యంత్రములు వచ్చినను, నిపుణులు వచ్చినను, మొదటి యత్నమున సమాధానము దొరకలేదు. ఈ సంగతిని మేము దాచక చెప్పుచున్నాము. శాస్త్రజ్ఞుడు ఒక్క చూపులో అన్నియు తెలిసికొనునని మన పిల్లలు తలచుచుందురు. అది నిజము కాదు.

తరువాత ఆ లెక్కల పుస్తకములు మన కోరమంగలలో నున్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అను ఖగోళభౌతిక సంస్థకు చెందిన శాస్త్రజ్ఞుల విచారణకు వచ్చినవి. ఆ వెలుగులు ఆకాశమునకు సంబంధించినవా, భూమికి సంబంధించినవా యని తేల్చుటయే వారికి అప్పగించిన పని. సైనికులు వ్రాసిన వేళలను చూడగా రెండు వెలుగులు వేరువేరుగా తేలినవి. ఒకటి సాయంకాలము సుమారు 6 గంటలకు దిగంతమున కనబడి తెల్లవారుజామున 5 గంటల వరకు నిలుచుచున్నది. రెండవది వేకువన 4 గంటలకు వచ్చి పగలు 11 గంటల వరకు కనబడుచున్నది. ఈ వేళలను గ్రహములు ఆకాశమున నుండు స్థానములతో పోల్చిచూడగా చిక్కు విడిపోయినది. మొదటిది గురుగ్రహము, రెండవది శుక్రగ్రహము. ఈ నిర్ణయము 2013 జూలైలో పత్రికలలో వచ్చినది.

ఇది యెంత సహజమో పంచాంగము తెరచినచో మనకే తెలియును. 2012 డిసెంబరు 3వ తేదీ ప్రాంతమున గురుడు సూర్యునికి సరిగా ఎదురుగా నుండెను. అనగా పొద్దుక్రుంకు వేళ తూర్పున ఉదయించి, పొద్దుపొడుచు వేళ పడమట అస్తమించుచుండెను. అప్పుడది వృషభరాశిలో, రోహిణీ నక్షత్రమునకు సమీపమున, రాత్రియంతయు వెలుగుచుండెను. శుక్రుడు ఆ సంవత్సరపు ద్వితీయార్ధమంతయు తూర్పున వేకువజామున ఉదయించుచుండెను. పాంగాంగ్ తీరమున నిలిచిన మన సైనికునికి తూర్పనగా చైనా. భూమి తన చుట్టు తాను తిరుగుట చేత తూర్పున ఉదయించిన ప్రతి గోళమును తలమీదుగా పడమటికి పోవలసినదే. కావున ఆ దీపము ప్రతిరాత్రియు సరిహద్దు దాటి మనవైపునకు వచ్చుచున్నట్లే తోచును! ఆ లెక్కన సూర్యచంద్రులును దినదినము చొరబడుచున్నవారే.

రాడార్ ఏల చూడలేకపోయినదో ఇప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు. రాడార్ పంపిన తరంగము వస్తువును తాకి తిరిగి రావలయును. ఆనాడు గురుడు మనకు 60 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండెను. వెలుతురే అచటినుండి వచ్చుటకు అరగంటకు పైగా పట్టును. పాపము, ఆ డ్రోను పట్టుకొనబోయినది అట్టిదానిని.

శుక్రుడు మనవారికి క్రొత్తవాడు కాడు. వేగుచుక్క పొడిచినదని చెప్పి నిద్రలేచి మడక కట్టిన రైతుల మనుమలము మనము. కన్నడిగులు దానినే ‘బెళ్ళిచుక్కి’ యందురు. వెండిచుక్క యని అర్థము. మరి ఇన్ని తరములుగా ఎరిగిన చుక్కను సైనికు లేల గుర్తింపలేదు? అంత యెత్తున గాలి పలుచన. ధూళియు తేమయు స్వల్పము. అందుచేత గ్రహములు మన సమతల ప్రదేశములలో కంటె మిక్కిలి ప్రకాశముగా కనబడును. శుక్రుడు సూర్యోదయానంతరము కూడ కొన్ని గంటలు కనబడుట అందువలననే. అదిగాక ఆ కాలమున సరిహద్దులలో డ్రోనుల వాడకము పెరుగుచుండెను. డ్రోను వచ్చునని ఎదురుచూచువానికి చుక్కయు డ్రోనుగానే కనబడును. ఒంటరియైన దీపము ఎంత దూరమున నున్నదో చెప్పుటకు మన కంటికి సాధనము లేదు. నూరు గజముల లాంతరునకును కోటి యోజనముల గ్రహమునకును భేదము చూపునదేదియు నల్లని ఆకాశమున నుండదు.

ఐనను ఒక సులభమైన పరీక్ష గలదు. చేయి చాచి పిడికిలి బిగించి ఒక కన్నుతో చూచినచో ఆ పిడికిలి ఆకాశమున సుమారు 10 అంశలను కప్పును. నక్షత్రములన్నియు గంటకు 15 అంశలు, అనగా ఒకటిన్నర పిడికిలి, కదలును. మీరు చూచిన వెలుగు ప్రక్కనున్న నక్షత్రములతో పాటు అదే వేగమున, అదే యెడముతో గంటసేపు కదలినచో అది ఆకాశగోళమే. వానిని విడిచి తన దారిన తాను పోయినచో అది వేరు. ఇందుకు దూరదర్శిని అక్కరలేదు. ఓర్పు గల ఒక పిల్లవాడు చాలును. పీణ్యవంటి చోట నక్షత్రములు పలుచగా కనబడుట నిజమే. అట్టియెడ నీళ్ళతొట్టి అంచునో, కొబ్బరిచెట్టు మట్టనో గురుతుగా పెట్టుకొని, పిడికిళ్ళతో కొలిచి గంటలవారీగా వ్రాసికొనవచ్చును.

గ్రహములు గాక వేరు వెలుగులు లేవా యని అడుగుదురు. కలవు. వానిలో ఒక తెగను లెక్కించు కార్యాలయము మన పీణ్యలోనే యున్నది. పారిశ్రామికవాడలో నున్న ఇస్‌ట్రాక్ అను ఇస్రో కేంద్రమును దాని గోడల వెలుపలినుండి మీరందరు చూచియే యుందురు. 2023 ఆగస్టు 23వ తేదీన చంద్రయాన్–3 చంద్రునిపై దిగినప్పుడు టెలివిజనులో కనబడిన అదుపుగది అచటిదే. ఆకాశమున తిరుగు ఉపగ్రహములు ఒకదానినొకటి గాని, పాడైన రాకెట్టు ముక్కలను గాని ఢీకొనకుండ కనిపెట్టుటకై ప్రత్యేక కేంద్రమొకటి 2022 జూలై 11వ తేదీన ఆ ఆవరణమందే దేశమునకు అంకిత మైనది. జనులు చూచిన వింతవెలుగులను విచారించుట దాని ఉద్దేశము కాదు. ఐనను ఏ ముక్క యే వేళ యెచట నుండునో లెక్క యున్నప్పుడే, పడిన ముక్క యెవరిదో చెప్ప వీలగును.

అట్టిది మన పొరుగుననే జరిగినది. 2022 ఏప్రిల్ 2వ తేదీ రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్ ప్రాంతములవారు ఆకాశమున నిప్పుకణముల వరుస వంటిది నిదానముగా సాగిపోవుట చూచిరి. తెలంగాణమునకు ఎల్లయై, తెలుగువారును నివసించు చంద్రపూర్ జిల్లాలో, సిందేవాహి తాలూకాయందు ఆ రాత్రియే పెద్ద లోహపు వలయ మొకటి పడినది. దాని వ్యాసము రెండు మూడు మీటర్లు, బరువు 40 కిలోలకు పైన. సమీపమున అర మీటరు వ్యాసము గల లోహపు గోళమొకటి దొరికినది. ఇస్రో శాస్త్రజ్ఞులు వచ్చి వానిని పరిశీలించిరి. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్టు మూడవ అంతస్తు ఆ వేళకు ఆ దారిన భూవాతావరణమును ప్రవేశింపవలసి యుండెనని, ఈ ముక్కలు దానివై యుండునని, అమెరికాయందలి ఖగోళశాస్త్రజ్ఞుడు జొనాథన్ మెక్‌డొవెల్ తెలిపెను. నిదానముగా సాగుటయే ఇందలి గురుతు. ఉల్క సెకనుకు 11 మొదలు 72 కిలోమీటర్ల వేగమున వచ్చి రెండు మూడు రెప్పపాటులలో ఆరిపోవును. రాకెట్టు ముక్క సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగముతో, ఏటవాలుగా దిగుచు, ఒక నిమిషము సేపైనను కనబడును.

అదే సంవత్సరము డిసెంబరు 7వ తేదీన హైదరాబాదువారు ఉదయముననే ఆకాశమున తెల్లని గుండ్రని వస్తువును చూచి కలవరపడిరి. పిదప వికారాబాదు జిల్లా మొగిలిగుండ్ల వద్ద పొలమున ఒక గది వంటిది దిగగా ఊరివారు గుమిగూడిరి. అది హైదరాబాదులోని టాటా సంస్థవారి బెలూను కేంద్రమునుండి, స్పెయిను దేశపు కంపెనీ యొకటి పరీక్షకై పంపిన పేటిక. వారము గడచిన పిదప, డిసెంబరు 15వ తేదీ సాయంకాలము, తూర్పు రాష్ట్రములలో జనులు చూచిన కాంతిరేఖ అగ్ని–5 క్షిపణి పరీక్షది. మనకు పొద్దుక్రుంకినను మిక్కిలి యెత్తున నున్న పొగకు సూర్యకాంతి తగులుచునే యుండును. అందుచేతనే సంజవేళ ప్రయోగములు అంత శోభగా కనబడును. ఒకదాని వెనుక నొకటి దండగ్రుచ్చినట్లు సాగు చుక్కలు 2019 మే నుండి గుంపులుగా ప్రయోగింపబడుచున్న స్టార్‌లింక్ ఉపగ్రహములు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము మినుకుమనక కొన్ని నిమిషములలో ఆకాశము దాటును. ఎఱ్ఱగను పచ్చగను మినుకుమను దీపములు విమానములవి; వానిని గూర్చి పీణ్య పిల్లలకు మేము చెప్పనక్కరలేదు.

అన్నియు ఇట్లే తేలునా? తేలవు. అమెరికా వాయుసేన 1969లో ముగించిన ‘బ్లూ బుక్’ అను విచారణలో 12,618 నివేదికలు చేరగా, వానిలో 701 గుర్తుతెలియనివిగానే మిగిలినవి. గుర్తుతెలియని దనగా పరలోకమునుండి వచ్చినదని కాదు. గుర్తించుటకు చాలినంత వివరము లేకపోయినదని కూడ కావచ్చును. పాంగాంగ్ సైనికులు పొరబడిరి గాని, చూచిన వేళలను వ్రాసియుంచిరి. వారు గ్రహమును డ్రోననుకొనినను, ఆ వ్రాతలే దానిని గ్రహమని తేల్చినవి.

కావున మా పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదిలో ఒక నోటుపుస్తకము నుంచుచున్నాము. డాబాపైనుండి వింతవెలుగు చూచినవారు, పిల్లలైనను పెద్దలైనను, అందు తేదీ, ఆరంభమైన వేళ, ముగిసిన వేళ, దిక్కు, నేలనుండి ఎన్ని పిడికిళ్ళ యెత్తు, రంగు, మినుకుమనినదా లేదా యనునవి వ్రాయవలెను. అది ఏమై యుండునో మీ యభిప్రాయమును మాత్రము చివర వ్రాయుడు, మొదట వ్రాయవలదు. తెలుగున వ్రాయుట కష్టమైనవారు కన్నడమున వ్రాసినను సరియే. ‘బెళ్ళిచుక్కి’ యని వ్రాసినను మేము పోల్చుకొనగలము.