కంప్యూటర్లకూ ఒక చార్టు ఉంటుంది

మన ల్యాబులో మొన్న రెండు రోజులు సర్వరు తెరుచుకోలేదు కదా. సారు బాగుచేస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. చివర్లో నా సంగతి కూడా ఒకటి ఉంది.

ల్యాబులో ప్రతి కంప్యూటరుకు రెండు చిరునామాలు. ఒకటి ఐపీ అడ్రసు. మన సర్వరుది 192.168.1.10. ఇది మనం ఇచ్చేది, మార్చుకోవచ్చు. రెండోది మ్యాక్ అడ్రసు. నెట్‌వర్క్ కార్డు తయారుచేసినవాళ్లే దీన్ని వేసి పంపుతారు. ఇందులో 12 గుర్తులుంటాయి. 0 నుంచి 9 దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. ఐపీ అంటే మంచం నంబరు, మ్యాక్ అంటే ఆ మంచం మీద పడుకునే మనిషి అనుకోండి.

కంప్యూటరుకు నంబరు తెలిస్తే చాలదు, మనిషి కూడా తెలియాలి. అందుకని "192.168.1.10 ఎవరు?" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. మెస్సులో ఆయమ్మ "4వ మంచం ఎవరిదే?" అని కేకేసినట్టు. అందరూ వింటారు, ఆ ఒక్కటే "నేను" అని తన మ్యాక్ చెప్తుంది. దాన్ని ఒక పట్టికలో రాసుకుంటుంది. ఈ పద్ధతి పేరు ఏ.ఆర్.పి. 1982లో డేవిడ్ ప్లమ్మర్ అనే ఆయన దీన్ని రాసిపెట్టారు.

పట్టిక చూడాలంటే నల్ల తెర తెరిచి ఏఆర్‌పీ అని కొట్టి, కొంచెం జాగా వదిలి, అడ్డగీత పెట్టి ఏ కొట్టాలి. ఏ బదులు డీ కొట్టి ఐపీ రాస్తే ఆ వరస చెరిగిపోతుంది. ఎస్ కొట్టి ఐపీ, మ్యాక్ రెండూ రాస్తే మనమే కొత్త వరస ఎక్కించినట్టు. చెరపడానికీ, ఎక్కించడానికీ అడ్మినిస్ట్రేటరు అనుమతి ఉండాలి.

కంప్యూటరు అడిగి రాసుకున్నది డైనమిక్. కొంతసేపటికి పాతబడుతుంది, మళ్లీ అడుగుతుంది. మనం చేత్తో ఎక్కించింది స్టాటిక్. అది ఉన్నంతకాలం ఇంకెవర్నీ అడగదు. మరి స్టాటిక్ ఎందుకు? ఏ.ఆర్.పి. అందర్నీ నమ్మేస్తుంది. ఎవరైనా దొంగ కంప్యూటరు "నేనే సర్వరుని" అంటే అదే రాసేసుకుంటుంది. అందుకే సారు పోయినేడు సర్వరు వరసని అన్ని కంప్యూటర్లలో స్టాటిక్‌గా పెట్టారు.

వానల్లో పిడుగు పడి సర్వరు కార్డు కాలిపోయింది. కొత్త కార్డు వేశారు. ఐపీ పాతదే, మ్యాక్ మాత్రం కొత్తది. మన కంప్యూటర్లు పాత మ్యాక్‌కే పంపుతున్నాయి. అక్కడ తీసుకునేవాళ్లు లేరు. సర్వరు బాగానే ఉంది, కంప్యూటర్లు బాగానే ఉన్నాయి, పట్టికే తప్పు!

సారు డీ కొట్టి ఆ వరస చెరిపేశారు, వెంటనే పనిచేసింది. పొద్దున్న ఆన్ చేస్తే మళ్లీ మొదటికొచ్చింది. ఎందుకంటే కంప్యూటరు లేవగానే ఆ వరసని ఎక్కించే చిన్న ఫైలు ఒకటి ఉంది. అందులో పాత మ్యాకే ఉంది. ఫైల్లో కొత్తది రాసాకే పని పూర్తయింది.

ఇప్పుడు నా సంగతి. దసరా సెలవుల తర్వాత నేను 3వ రూము నుంచి 7వ రూముకి మారాను. ఆఫీసు గోడ మీద చార్టులో నా పేరు 3లోనే ఉంది. మా అవ్వకి జొరం ఎక్కువై నాన్న కొండ దిగొచ్చి, సిగ్నలు ఉన్నచోట నిలబడి ఫోన్ చేశాడు. ఆయమ్మ 3కి వెళ్లి వెతికి, పిల్ల లేదని చెప్పింది. నాన్న చాలాసేపు చూసి వెళ్లిపోయాడంట. రెండు రోజులకి నాకు తెలిసింది. అవ్వకి తగ్గింది గానీ, ఆ రెండు రోజులూ నన్నే అడిగిందంట.

ఆయమ్మ తప్పు లేదు, చార్టు చెప్పినచోటికే వెళ్లింది. రూము మారానని నేను కూడా చెప్పలేదు. ప్రతి నెలా పాత చార్టు చూసి కొత్తది రాస్తున్నాం, ఆ ఫైలు లాగానే. మనకి ఇళ్ల నుంచి రోజూ ఫోన్లు రావు. వచ్చిన ఒక్కటీ తప్పిపోకూడదు.

వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకుంటే ఈ ఆదివారం నేను ప్రతి రూముకీ వెళ్లి, అడిగి, కొత్త చార్టు రాస్తాను. నేస్తాలారా, రూము మారిన రోజే వచ్చి చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని, 7వ రూము