కూర్చుని ఆడే క్రీడలు – శరీర ధర్మం

ఆట అనగానే మైదానం, పరుగు, చెమట స్ఫురించడం సహజం. కాని నేడు కుర్చీ విడువకుండా ఆడే ఆటలకు కూడా అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నాయి. కంప్యూటరు తెరపైన, సెల్‌ఫోనులోను సాగే ఈ పోటీలకు ఈ-స్పోర్ట్స్ అని పేరు. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో వీటిని ప్రదర్శనగా మాత్రమే నిర్వహించారు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో తొలిసారిగా పతకాలు ప్రదానం చేశారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో వీటిని క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోనికి తెచ్చింది. కనుక వీటిని వట్టి కాలక్షేపమని తోసిపుచ్చడానికి వీలు లేదు. అయితే ఈ క్రీడ శరీరానికి వ్యాయామమవుతుందా అన్నది విచారింపదగిన విషయం.

పోటీ తీవ్రమైనప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులు చెమరుస్తాయి గనుక ఇది కూడా కసరత్తేనని కొందరు వాదిస్తారు. శరీర ధర్మ శాస్త్రం ఈ వాదాన్ని అంగీకరించదు. పరుగెత్తే మనిషి కాలి కండరాలకు ప్రాణవాయువు అధికంగా కావలసి వస్తుంది. అందుకోసం గుండె వేగాన్ని పెంచడమే గాక, ఒక్కొక్క స్పందనలో ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. పిక్కల కండరాలు ముడుచుకున్నప్పుడల్లా సిరలను నొక్కి, రక్తాన్ని తిరిగి గుండెవైపు నెట్టుతాయి. ఈ సాధన నెలల తరబడి సాగితే గుండె బలపడి, విశ్రాంతి వేళ తక్కువ స్పందనలతోనే తన పని నెరవేర్చుకుంటుంది.

కూర్చుని ఆడేవారి సంగతి వేరు. అక్కడ గుండెను తరిమేది కండరాల అవసరం కాదు, మనస్సులోని ఉద్వేగం. సహానుభూత నాడీ వ్యవస్థ ప్రేరణతో, మూత్రపిండాలపైనున్న అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోనికి విడుదల చేస్తాయి. గుండె వేగం హెచ్చుతుంది. తొడలు, పిక్కలు మాత్రం కదలవు. ప్రాణవాయువు వినియోగం పెద్దగా పెరగదు. పరీక్షా ఫలితాలు వెలువడే వేళ విద్యార్థి గుండె ఎంత కొట్టుకున్నా దానిని వ్యాయామమని ఎవరూ అనరు గదా!

ఈ క్రీడాకారుల ఆరోగ్యంపై పరిశోధనలు ఇటీవలనే ఊపందుకున్నాయి. అమెరికా, కెనడాలలోని 9 విశ్వవిద్యాలయాలకు చెందిన 65 మంది ఆటగాండ్లను ప్రశ్నించి, ఆ వివరాలను 2019లో ప్రకటించారు. వారు రోజుకు 3 నుండి 10 గంటల వరకు సాధన చేసేవారు. సగానికి పైగా కన్నుల అలసటతోను, 40 శాతానికి పైగా మెడ, వెన్ను నొప్పులతోను బాధపడుతున్నట్లు తెలిపారు. మణికట్టు నొప్పి 36 శాతం మందికి ఉన్నది. 40 శాతం మంది ఏ విధమైన వ్యాయామమూ చేయడం లేదు. అయినా వైద్యుని సంప్రదించినవారు 2 శాతం మాత్రమే! బాధ అందరికీ తెలిసినదే, చికిత్స మాత్రం ఎవరికీ తోచలేదు.

2021లో ప్రచురితమైన మరొక ప్రయోగం ఆశాజనకమైనది. స్త్రీలు, పురుషులు కలిసిన ఒక చిన్న బృందం చేత రెండేసి గంటలు ఆడించారు. ఒక పర్యాయం విరామం లేకుండా, ఒక పర్యాయం నడుమ 6 నిమిషాల విశ్రాంతితో, మరొక పర్యాయం 6 నిమిషాల నడకతో ఆట సాగింది. నడక తరువాత ఆలోచించి నిర్ణయించే శక్తి మెరుగుపడినట్లు తేలింది. అనగా నడక ఆటకు అవరోధం కాదు, సహాయకారి.

విద్యార్థులకు మా మనవి ఇది: ఆడవద్దని మేము అనము. గంటకొకసారైనా లేచి నడవండి. దృష్టిని తెరపైనుండి మరల్చి దూరపు వస్తువులపై నిలపండి. నిద్రవేళను ఆటకు అర్పించకండి. వయోజనులు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థాయి శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదు రోజుల చురుకైన నడకతో ఈ నియమం నెరవేరుతుంది. శరీరం మనకు అప్పగింపబడిన అమానతు అని పెద్దలు చెప్పే మాటకు ఆచరణ రూపం ఇదే.

కళాశాల కమిటీవారికి కూడా ఒక విన్నపం. వార్షిక క్రీడోత్సవాలలో ఈ-స్పోర్ట్స్‌కు చోటు కల్పించదలచినా మాకు అభ్యంతరం లేదు. కాని మైదానానికి కేటాయించిన గంటను, నిధులను దానికై తగ్గించరాదు. ముఖ్యంగా ఇంటివద్ద ఆటస్థలపు అవకాశం అంతగా లేని విద్యార్థినులకు కళాశాలలో ప్రత్యేకంగా ఒక వ్యాయామ సమయం ఏర్పరచాలి. కసరత్తు అన్న మాటను ఉర్దూ మన తెలుగుకు ఇచ్చింది. ఆ మాటతోబాటు ఆ అలవాటును కూడా ఉభయ భాషల విద్యార్థులకు అందజేయడం కళాశాల బాధ్యతయని మా అభిప్రాయం.