గుండె లయ తప్పితే ఆపరేషన్ దేనికి?



"దడగా ఉంది" అని మనం తరచు అంటూనే ఉంటాం. మెట్లెక్కినా దడే, కంగారు పడినా దడే. అది కాసేపటికి సర్దుకుంటుంది. కాని మణికట్టు దగ్గర నాడి పట్టి చూస్తే దెబ్బలు ఒక వరస అంటూ లేకుండా పడుతున్నాయనుకోండి, తాత్సారం చేయకుండా ఇ.సి.జి. తీయించాలి. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు.

ఈ జబ్బులో గుండె పైగదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటాయి. అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. వయసు, రక్తపోటు, థైరాయిడ్ దీనికి కారణాలు కావచ్చు. మన దేశంలో చిన్నవయసు ఆడవాళ్ళలో మాత్రం, ఎప్పుడో బడికి వెళ్ళే రోజుల్లో వచ్చిన కీళ్ళవాత జ్వరం గుండె కవాటాన్ని పాడుచేయడం వల్ల తరచు వస్తుంది.

అందరికీ ఆపరేషన్ అక్కరలేదు. చాలామందికి మందులతోనే సరిపోతుంది. ఆపరేషన్ అన్నారంటే "దేనికోసమండీ?" అని అడగండి. కవాటం కోసమా, లయ కోసమా, గడ్డ కట్టకుండానా?

ఇరుకైన కవాటాన్ని కొందరికి తొడ దగ్గర నుంచి బెలూన్ పంపి వెడల్పు చేస్తారు. వీలుకాకపోతే బాగుచేస్తారు, లేదా మారుస్తారు. లోహపు కవాటం చాలాకాలం మన్నుతుంది గాని, రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి. జంతు కణజాలంతో చేసిన కవాటం కొన్నేళ్ళకు అరిగిపోతుంది. పిల్లలు కావాలనుకునేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు.

లయ కోసం చేసేది మేజ్ ఆపరేషన్. 1987లో అమెరికాలో డాక్టర్ జేమ్స్ కాక్స్ మొదలుపెట్టారు. పైగదుల్లో మచ్చలు గీసి, దారితప్పిన విద్యుత్తుకు అడ్డుకట్ట వేస్తారు. కవాటానికి ఎలాగూ ఛాతీ తెరుస్తారు గనుక, అప్పుడే ఇదీ చేయవచ్చు. కవాటం బాగానే ఉంటే, ఛాతీ తెరవకుండా తొడ నుంచి గొట్టం పంపి చేసే అబ్లేషన్ ఉంది. జబ్బు పాతబడి, పైగది సాగిపోయినవారిలో లయ మళ్ళీ తప్పే అవకాశం ఎక్కువ.

ఎడమ పైగదికి చిన్న సంచిలాంటి భాగం ఉంది. గడ్డలు ఎక్కువగా పుట్టేది అందులోనే. వేరే గుండె ఆపరేషన్ చేస్తున్నప్పుడే దాన్ని మూసేస్తే పక్షవాతం సుమారు మూడోవంతు తగ్గిందని 2021లో వెలువడిన పెద్ద పరిశోధన చెప్పింది. అయితే అందులో చాలామంది మందు కూడా వాడుతూనే ఉన్నారు.

అసలు చిక్కు ఇక్కడే. "ఆపరేషన్ అయిపోయింది, ఇంకా మాత్రలెందుకు?" అని మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వార్ఫరిన్ వాడేవారు చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించుకోవాలి. సంగటిలోకి పుల్లగూర మానక్కరలేదు. ఒక వారం రోజూ ఆకుకూర, మరో వారం అసలు లేకుండా కాక, ఎప్పుడూ ఒకే తీరుగా తినండి.

మన ప్రాంతం వారికి తిరుపతిలో స్విమ్స్, చిత్తూరు పక్కనే వేలూరులో క్రిస్టియన్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నాయి. వెళ్ళేటప్పుడు పాత ఇ.సి.జి.లు, మందుల చీటీలు వెంట తీసుకువెళ్ళండి. ఇంటి పనులన్నీ తెమిలాక చూద్దాంలే అని మాత్రం వాయిదా వేయకండి.