మీకు తెలుసా? ఇంజిన్‌ను కడగడం కన్నా తుడవడమే మేలు

దసరా దగ్గర పడిందంటే మడికొండలో ఇళ్ల ముందు కార్లు, ట్రాక్టర్లు, బైకులు కడిగే సందడి మొదలవుతుంది. హైదరాబాద్–వరంగల్ రహదారి ఊరి మీదుగానే పోతుంది కాబట్టి దుమ్ముకు కొదవ లేదు. బండి పైన ఎన్ని నీళ్లు పోసినా పర్వాలేదు గానీ, బానెట్ ఎత్తి లోపలికి పైపు పెడితేనే చిక్కు. అక్కడ అసలు పని బ్రష్షుది, పాత బనియన్ గుడ్డది, ఓపికది. ఎందుకో చూద్దాం.

1. పెట్రోలు ఒకప్పుడు మందుల షాపు సరుకు
1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు వంద కిలోమీటర్లు కారులో వెళ్లింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్లోఖ్ ఊళ్లో మందుల షాపుకెళ్లి లిగ్రోయిన్ కొన్నది. పెట్రోలు లాంటి ఆ ద్రవాన్ని అప్పట్లో బట్టల మీది మరకలు పోగొట్టడానికి అమ్మేవారు. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసిందీ ఆమే. పెట్రోలు జిడ్డును ఇట్టే కరిగిస్తుంది, నిజమే. కానీ సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా అది మండే ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి, దూరంగా వెలుగుతున్న పొయ్యిని అందుకోగలదు. అందుకే ఇంజిన్ తుడవడానికి పెట్రోలు పనికిరాదు.

2. గ్యాస్‌నూనెకు మన ఎండే నిప్పు
‘పోనీ గ్యాస్‌నూనె వాడితే?’ అంటారు చాలామంది. గ్యాస్‌నూనె, అంటే కిరోసిన్, ఇంచుమించు 40 డిగ్రీల వేడి దగ్గర మండే ఆవిరిని వదలడం మొదలుపెడుతుంది. మే నెల మధ్యాహ్నం వరంగల్‌లో నీడపట్టునే అంత వేడి ఉంటుంది. ఎండలో నిలిపిన కారు బానెట్ కింద ఇంకా ఎక్కువ. పైగా కిరోసిన్ తగిలిన రబ్బరు భాగాలు ఉబ్బి, మెత్తబడతాయి. విడిభాగాల షాపుల్లో దొరికే, నీటితో కలిసే డీగ్రీజర్ మేలు. దాన్ని పెయింట్ బ్రష్షుతో రాసి, కాసేపు ఆగి, ఎండిపోకముందే తడిగుడ్డతో తుడిచేయాలి. రాత్రంతా ఆగి చల్లబడిన బండి మీద, తెల్లవారగానే ఈ పని పెట్టుకోవాలి.

3. తాళం తీసినా ఫ్యాన్ తిరగొచ్చు
చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ కరెంటుతో నడుస్తుంది. ఇంజిన్ ఆపినా, కూలెంట్ వేడిగా ఉంటే అది ఉన్నట్టుండి తిరగడం మొదలుపెట్టవచ్చు. అక్కడ వేళ్లు పెట్టి ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రేడియేటర్ మూత సంగతీ అంతే. ప్రెషర్ కుక్కర్‌లో లాగే లోపలి ఒత్తిడి వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, సలసలా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

4. బ్యాటరీకి ముందు ఏ తీగ విప్పాలి?
మైనస్ గుర్తున్నదే. ఇప్పటి కార్ల ఇనుప బాడీ అంతా మైనస్‌కే కలిపి ఉంటుంది. ముందు ప్లస్ తీగ విప్పబోతే, చేతిలోని స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వలు లేస్తాయి. ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ వదిలే హైడ్రోజన్ గాలిలో 4 శాతం ఉన్నా అంటుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర.

5. ఒక సోడా మిత్రుడు, ఇంకో సోడా శత్రువు
బ్యాటరీ కొనల మీద పేరుకునే తెల్లని, పచ్చని పొడికి ఆమ్లమే కారణం. నీళ్లలో కలిపిన వంటసోడాను పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే ఆమ్లం విరిగి, పొడి నురుగుగా పొంగి వదులుతుంది. బ్యాటరీ మూతలున్న రకమైతే ఆ నీళ్లు లోపలికి పోకూడదు. జిడ్డుకు మందు కదా అని కాస్టిక్ సోడాను మాత్రం ఇంజిన్ దగ్గరికి రానివ్వకండి. అది అల్యూమినియాన్ని తినేస్తుంది. చాలా కార్ల ఇంజిన్లలో సిలిండర్ హెడ్ అల్యూమినియానిదే.

6. వానకు చెక్కు చెదరనిది పైపు ధారకు పాడవుతుంది
ఐపీ67 అని రాసి ఉన్న కనెక్టర్‌ను మీటరు లోతు నీటిలో అరగంట ముంచినా తడి లోపలికి పోదు. అంతమాత్రాన ప్రెషర్ వాషర్ ధారకు తట్టుకుంటుందని కాదు. ఆ పరీక్ష వేరే. ధార తగిలితే రబ్బరు సీళ్లు పక్కకు జరిగి, నీరు లోపలికి దూరుతుంది. ఆ రోజు బండి బాగానే నడిచి, తుప్పు పట్టాక ఎప్పుడో మొరాయిస్తుంది. తడి తగలక ముందే ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్సు, ఇగ్నిషన్ కాయిల్స్, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)లకు పాలిథిన్ కవర్ చుట్టాలి. పని అయ్యాక లెక్కపెట్టి తీసేయడం మరవొద్దు. మిగిలిపోయిన కవర్ వేడికి కరుగుతుంది, లేదా బెల్టులో చిక్కుతుంది.

7. చిన్న గ్లాసెడు నీళ్లు ఇంజిన్‌ను విరిచేస్తాయి
సిలిండర్‌లోకి వచ్చిన గాలి నలుగుతుంది, నీరు నలగదు. ఎయిర్ ఫిల్టర్ దారిన నీళ్లు సిలిండర్‌లోకి చేరాక స్టార్ట్ చేస్తే, పైకి పోవడానికి చోటు లేక పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వరద నీళ్లలో కార్లు పాడయ్యేదీ ఇందుకే. గాలి పీల్చే గొట్టం మూతి కట్టకుండా చుక్క నీరు కూడా చల్లకండి. డిప్‌స్టిక్, నూనె పోసే మూత గట్టిగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

8. బోరు నీళ్లు మరక వదులుతాయి
కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లు ఆరిపోయాక తెల్లని మచ్చలు మిగులుతాయి. అవే నీళ్లు రేడియేటర్‌లో పోస్తే లోపల పెచ్చు కట్టి, అది వేడిని బయటికి పోనివ్వదు. తుడవడానికి నల్లా నీళ్లు, రేడియేటర్‌కు డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటు వాడాలి.

9. డబ్ల్యూడీ-40 పేరులోనే దాని పని ఉంది
1953లో అమెరికాలోని శాన్ డియేగోలో తయారైన ఈ స్ప్రే అసలు పని నీటిని తరిమేయడం, ఇంగ్లిషులో ‘వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్’. నలభయ్యోసారి కుదిరిన మిశ్రమం కాబట్టి ఆ అంకె. మొదట్లో అట్లాస్ క్షిపణుల పైపొరకు తుప్పు పట్టకుండా వాడారు. తడిసిన నట్లు, కీళ్ల మీద ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. అయితే అదీ మండే సరుకే, వేడి సైలెన్సర్ గొట్టం మీద కొట్టరాదు.

10. బానెట్ ఎత్తే ముందు రెండు దెబ్బలు కొట్టాలి
వరికోతల కాలంలో పొలాల ఎలుకలు కార్లలోకి చేరతాయి. వాటి ముందుపళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, కొరకకపోతే అరగవు. అందుకే తీగలు కొరుకుతాయి. చలికి పిల్లులూ, వానలకు పాములూ లోపల తలదాచుకోవచ్చు. బానెట్ మీద తడితే ఆ చప్పుడుకు అవి బయటికి పోవడానికి వీలుంటుంది. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ సోకే ముప్పు ఉంది కనుక చేతికి గ్లౌజులు ఉండాలి. గడ్డి, పీచు కనిపిస్తే ముందు వాటిని ఏరేయండి. వేడికి అవే అంటుకుంటాయి.

11. నారింజ రంగు తీగ అంటే ‘ముట్టుకోవద్దు’
ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తీగల్లో వందల వోల్టుల కరెంటు ఉంటుంది. అక్కడ పొడిగుడ్డతో పైపైన దుమ్ము తీయడంతో సరి. మిగతాది సర్వీస్ సెంటర్ పని.

12. ఒక వాకిటి జిడ్డు నాలుగు చెరువులకు
కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల్లో ఒకటి అలుగు పోస్తే నీరు కిందిదానికి పోతుంది. వరంగల్ తాగే నీళ్లకు ధర్మసాగరం, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు ఆధారంగా ఉంటూ వచ్చాయి. ఇంజిన్ జిడ్డు కలిసిన నీళ్లను మోరీలోకి వదిలితే అది ఎక్కడో ఓ చెరువులో తేలుతుంది. వాడిన ఇంజిన్ ఆయిల్ 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కింద పాత గోనెసంచి, రంపపు పొట్టు పరచి పని చేయండి. జిడ్డు పీల్చుకున్న వాటిని విడిగా మూటగట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి.

13. తళతళలాడే ఇంజిన్‌ను అనుమానించాలి
సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్తే బండి నిండా దుమ్ము, ఇంజిన్ మాత్రం అద్దంలా ఉందనుకోండి, లీకు దాచడానికి ముందు రోజే కడిగి ఉండొచ్చు. మీ సొంత బండి విషయంలో ఇదే కిటుకు మీకు పనికొస్తుంది. శుభ్రంగా తుడిచాక వారం నడిపి, మళ్లీ బానెట్ ఎత్తి చూడండి. కొత్తగా ఎక్కడ తడి కనిపిస్తే లీకు అక్కడే. నల్లగా జారుడుగా ఉంటే ఇంజిన్ ఆయిల్, పచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్. ఆ చోటు వేలుపెట్టి చూపిస్తే మెకానిక్‌కు వెతుకులాట తప్పుతుంది, మీకు ఖర్చు తగ్గుతుంది.