రిలీజ్ డేట్ ఎవరి చేతిలో?

శుక్రవారం ఉదయం ఆట. లైట్లు ఆరిపోయాయి, సెన్సార్ సర్టిఫికెట్ వచ్చి వెళ్లింది, సిగరెట్ హెచ్చరిక అయిపోయింది. ఇక సినిమా మొదలవుతుందనగా తెర మీద ఒక కార్డు పడుతుంది. ‘డిజిటల్ పార్ట్‌నర్’ అని, కింద ఒక ఓటీటీ సంస్థ లోగో. హాల్లో ఎవరో ఒకరు పక్కవాడి చెవిలో ‘ఇది ఫలానా దాంట్లో వస్తుందన్నమాట’ అంటారు. టికెట్ కొని కూర్చున్నవాడే ఆ లెక్క వేసుకుంటుంటే, ఇంటిపట్టున ఉన్నవాడు ‘నాలుగు వారాలు ఆగుదాంలే’ అనుకోవడంలో వింతేముంది? సినిమా మొదలవకముందే దాని తరవాతి మజిలీ చెప్పే ఆ ఒక్క కార్డు చాలు, తెలుగు సినిమా డబ్బు ఎటు నుంచి వస్తోందో తెలియడానికి.

హాట్‌స్టార్ 2015 ఫిబ్రవరిలో వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలో నెట్‌ఫ్లిక్స్, డిసెంబర్లో అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశంలో అడుగుపెట్టాయి. ఈ రెండింటి మధ్య, 2016 సెప్టెంబర్ 5న, జియో మొదలైంది. అసలు మలుపు అదే. ఒక జీబీ డేటాకు దాదాపు 250 రూపాయలు పోసే రోజుల్లో రెండున్నర గంటల సినిమాను ఫోన్లో చూడాలన్న ఆలోచన ఎవరికీ రాదు. 2017 మార్చి దాకా జియో డేటా ఉచితంగా ఇచ్చింది. మిగతా కంపెనీలూ రేట్లు దించక తప్పలేదు. పల్లెటూళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దాయన కూడా ఫోన్లో సినిమా చూసే రోజు అలా వచ్చింది. విదేశాల్లోని తెలుగువాళ్లకు మాత్రం ఈ అలవాటు అంతకుముందే ఉంది. 2006లో పుట్టిన యప్ టీవీ మన చానళ్లను ఇంటర్నెట్ ద్వారా అమెరికాలోని డ్రాయింగ్ రూముల్లోకి చేర్చింది.

సినిమా కాదు, క్రికెట్

ఈ సంస్థల పోటీ గురించి మాట్లాడితే అందరం సినిమాల గురించీ సిరీస్‌ల గురించీ మాట్లాడతాం. కానీ మన దేశంలో పైచేయి ఎవరిదో తేల్చింది క్రికెట్. 2018 నుంచి 2022 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులకు స్టార్ ఇండియా 16,347.5 కోట్లు పెట్టింది. హాట్‌స్టార్ ఊరూరా పాకింది ఆ బలంతోనే. 2022 జూన్‌లో జరిగిన వేలంలో టీవీ, డిజిటల్ హక్కులను విడివిడిగా అమ్మారు. రిలయన్స్ పక్షాన ఉన్న వయాకామ్ 18, డిజిటల్ హక్కులను 23,758 కోట్లకు దక్కించుకుంది. అయిదేళ్ల టీవీ హక్కులకు స్టార్ పెట్టిన 23,575 కోట్ల కన్నా అది ఎక్కువ. పెద్ద తెర టీవీ కన్నా చేతిలోని ఫోను ఖరీదైనదని మార్కెట్ లెక్కకట్టిన రోజది.

వయాకామ్ 18 కొన్న సరుకును దాని యాప్ జియో సినిమా 2023లో ఉచితంగా పంచేసింది. ఆ ఏడాది ఫైనల్‌ను ఒకే సమయంలో 3.2 కోట్ల తెరల మీద చూశారు. అవతల 2022 అక్టోబర్లో 6 కోట్ల 13 లక్షలున్న డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ చందాదారులు ఏడాది తిరిగేసరికి 3 కోట్ల 76 లక్షలకు పడిపోయారు. హాట్‌స్టార్ ప్రపంచకప్‌ను మొబైల్లో ఉచితం చేసి బదులిచ్చింది. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ఫైనల్ జరుగుతుంటే ఒక దశలో 5.9 కోట్ల మంది ఒకేసారి అందులో ఉన్నారు. ఇద్దరూ ఉచితంగా ఇచ్చుకుంటూ పోతే ఇద్దరికీ నష్టమే. చివరికి పోటీ పడినవాళ్లే కలిసిపోయారు. 2024 నవంబర్లో రెండు సంస్థల విలీనం పూర్తయింది, 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ తెరుచుకుంది. అప్పటికి ఉచిత క్రికెట్ రోజులు అయిపోయాయి.

రీఛార్జ్ షాపు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఈ పోటీ అసలు రూపం కనిపిస్తుంది. ‘అన్నా, క్రికెట్ వచ్చే ప్యాక్ వెయ్యి’ అంటాడు వచ్చిన కుర్రాడు. ఓటీటీ పేరు అడగడు, చందా అనే మాటే ఎత్తడు. ఫోన్ ప్యాక్‌లో ఏది కలిసి వస్తే అదే అతనికి ఓటీటీ. ఫోన్ లైను, క్రికెట్, సినిమా మూడూ ఒకే గుమ్మంలో దొరికేలా చేసినవాడితో ఒంటరి సంస్థ తలపడడం మాటలు కాదు.

ధరల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 2021 డిసెంబర్లో నెట్‌ఫ్లిక్స్ తన మొబైల్ ప్లాన్‌ను 199 నుంచి 149కి, బేసిక్ ప్లాన్‌ను 499 నుంచి 199కి తగ్గించింది. అదే నెలలో ప్రైమ్ తన ఏడాది చందాను 999 నుంచి 1,499కి పెంచింది. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్, వేరే ఇళ్లవాళ్లతో పాస్‌వర్డ్ పంచుకోవడానికి ఇక్కడ కూడా అడ్డుకట్ట వేసింది. 2025 జూన్ నుంచి ప్రైమ్‌లో ప్రకటనలు వస్తున్నాయి, వద్దనుకుంటే ఏడాదికి మరో 699 కట్టాలి. ప్రకటనల బెడద లేదని కేబుల్ తీయించినవాళ్లు చందా కట్టి మరీ ప్రకటనలు చూస్తున్నారు. ఇది ప్రేక్షకుడికి ఇచ్చిన మాట తప్పడమే.

ఉగాది నాడు తెరిచిన తలుపు

తెలుగు కథ 2020లో మలుపు తిరిగింది. మార్చిలో థియేటర్లు మూతపడ్డాయి. అల్లు అరవింద్, మై హోమ్ గ్రూప్ కలిసి పెట్టిన ‘ఆహా’ ఆ నెల 25న, ఉగాది నాడు, పూర్తిస్థాయిలో మొదలైంది. అప్పట్లో ఏడాదికి 365 రూపాయలు, అంటే రోజుకో రూపాయి. తెలుగు తప్ప మరో భాష లేకుండా ఒక ఓటీటీ రావడం అదే మొదలు. ఏప్రిల్లో ‘అమృతరామం’ జీ5లో నేరుగా విడుదలైంది. సెప్టెంబర్లో నాని, సుధీర్ బాబు నటించిన ‘వి’ ప్రైమ్‌లో వచ్చింది. అక్టోబర్లో ‘ఆహా’లో వచ్చిన ‘కలర్ ఫొటో’ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. పెద్ద హీరో లేని, ఒంటి రంగు మీద మనవాళ్లకున్న చిన్నచూపును నిలదీసిన ఆ సినిమా మామూలు రోజుల్లో ఎన్ని థియేటర్లలో ఎన్నాళ్లు ఆడేదో ఎవరైనా ఊహించుకోవచ్చు.

మరుసటి ఏడాది ‘టక్ జగదీష్’ ప్రైమ్‌కి వెళ్తున్నదని తెలిసి తెలంగాణ థియేటర్ల యజమానులు భగ్గుమన్నారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కరెంటు బిల్లు కట్టలేక, సిబ్బందికి జీతాలివ్వలేక నెట్టుకొస్తున్నవాళ్లు వాళ్లు. కానీ వడ్డీకి తెచ్చిన డబ్బుతో సినిమా తీసి నెలల తరబడి అట్టేపెట్టుకున్న నిర్మాతదీ ప్రాణసంకటమే.

గడ్డుకాలంలో ఆదుకున్న ఓటీటీ డబ్బే తరవాత పగ్గంగా మారింది. సినిమా మొదలుపెట్టకముందే డిజిటల్, శాటిలైట్, హిందీ డబ్బింగ్ హక్కుల మీద ఇంత వస్తుందని లెక్క కట్టడం మొదలైంది. ఆ లెక్క చూపించి ఫైనాన్స్ తెచ్చారు. ఆ లెక్క చూసే హీరోల పారితోషికాలు పెరిగాయి. ఒప్పందంలో ఓటీటీ సంస్థ తనకు ఖాళీ ఉన్న నెల చూసుకుని స్లాట్ ఇస్తుంది, దాన్నిబట్టి థియేటర్ రిలీజ్ డేట్ కుదురుతుంది. షూటింగ్ ఆలస్యమై ఆ నెల దాటితే ముందు ఒప్పుకున్న మొత్తంలో కోత పడుతుంది. ఒకప్పుడు పండగ, పరీక్షలు, పోటీ సినిమా చూసుకుని బయ్యర్లతో మాట్లాడి తేదీ వేసిన నిర్మాత, ఇప్పుడు ముంబయి నుంచి రావాల్సిన మెయిల్ కోసం కూర్చుంటున్నాడు. ఒక్కోసారి సినిమాను భాషల వారీగా పంచుకోవడమూ అయ్యింది. 2022 మే 20న ‘ఆర్ఆర్ఆర్’ తెలుగులో జీ5లో, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది.

2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగ్‌లు ఆపేసి కూర్చున్నారు. పెద్ద సినిమాలు ఎనిమిది వారాల తరవాతే ఓటీటీకి ఇవ్వాలని అప్పుడు అనుకున్నారు. ఆ మాట మీద ఎందరు నిలబడ్డారన్నది అందరూ చూశారు. ‘పుష్ప 2’ మాత్రం 2024 డిసెంబర్ 5న విడుదలై, నిర్మాతలు ముందే చెప్పిన 56 రోజులూ నిండాక జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఆగగల శక్తి ఉన్నవాడే ఆగాడు. చిన్న నిర్మాతకు నాలుగో వారంలో వచ్చే ఓటీటీ డబ్బే అప్పు తీరే దారి.

ఆ డబ్బు కూడా ఇప్పుడు సన్నగిల్లింది. చందాదారుల సంఖ్య పెంచుకోవాలని దొరికిందల్లా కొన్న సంస్థలు లాభాల లెక్కకు దిగాయి. థియేటర్లో ఆడితేనే బేరం అంటున్నాయి. పేరున్న నటులు లేని సినిమాకు ముందస్తు సొమ్ము బదులు, ప్రేక్షకులు ఎన్ని గంటలు చూస్తే అంత వాటా అంటున్నాయి.

చిన్న కథల చిరునామా

అయినా నన్ను ఆశగా చూసేలా చేసినవి చిన్న కథలే. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో ‘#90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ వచ్చింది. మార్కుల కోసం పిల్లల వెంటపడే తండ్రిగా శివాజీ. ఆ ఇంట్లో ఉప్మా మీద జరిగే గొడవ కూడా మన ఇంట్లోదే. హత్యలు, బూతులు లేనిదే వెబ్ సిరీస్ నడవదన్న నమ్మకాన్ని ఆ కుటుంబం పక్కకు తోసేసింది. ఆ సిరీస్‌లో పెద్దకొడుకుగా చేసిన మౌళి హీరోగా, దర్శకుడు ఆదిత్య హాసన్ నిర్మాతగా, అదే సంస్థ ‘లిటిల్ హార్ట్స్’ తీసి 2025 సెప్టెంబర్ 5న ముందు థియేటర్లలో విడుదల చేసింది. జనం కాలేజీ పిల్లల్లా నవ్వుతూ చూశారు, డబ్బులొచ్చాయి, తరవాతే అది ఓటీటీకి చేరింది. థియేటర్‌కి జనాన్ని పంపిన ఓటీటీ అది. తెలుగు సంస్థ కాబట్టే సాధ్యమైందని నా నమ్మకం. ఏ ఊళ్లో ఏ మాటకు నవ్వుతారో తెలిసినవాళ్లు పక్క గదిలోనే ఉన్నారు.

‘బలగం’ సంగతి ఇంకా గొప్పది. 2023 మార్చి 3న థియేటర్లలోకి, అదే నెల 24న ప్రైమ్‌లోకి వచ్చింది. చందా కట్టి ఒంటరిగా ఫోన్లో చూసుకోగలిగిన సినిమాను తెలంగాణ పల్లెలు అలా చూడలేదు. ఊరి మధ్య తెర కట్టారు. చాపలు, కుర్చీలు తెచ్చుకుని ముసలీముతకా కూర్చున్నారు. చనిపోయిన పెద్దాయన పేరున పిట్టకు పెట్టే ఘట్టం వచ్చేసరికి కొంగులు కళ్ల మీదికి వెళ్లాయి. విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నారన్న వార్తలు వచ్చాయి. అలా ఊరంతా కలిసి ఏడ్చిన రాత్రిని ఓటీటీ లెక్క ఎన్ని గంటలుగా రాసుకుంటుంది?

అసలు చిక్కు ఆ లెక్కలోనే ఉంది. థియేటర్ కలెక్షన్ నిర్మాతకు తెలుస్తుంది, రోజువారీ వసూళ్ల లెక్క (డీసీఆర్) చేతికి వస్తుంది. టీవీకి రేటింగ్ ఉంది. ఓటీటీలో తన సినిమాను ఎంతమంది మొదలుపెట్టారో, ఎక్కడ ఆపేశారో తీసినవాడికి పూర్తిగా చెప్పే పద్ధతి ఇంకా రాలేదు. నెట్‌ఫ్లిక్స్ 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి రెండుసార్లు, వేల టైటిళ్లను ఎన్ని గంటలు చూశారో బయటపెడుతోంది. మిగతా సంస్థలూ ఆ పని చేయాలి. గంటల లెక్కన వాటా ఇస్తామంటున్నప్పుడు గంటలు లెక్కపెట్టే మీటరు అమ్మేవాడికీ కనబడాలి కదా. ఎనిమిది వారాలా, నాలుగు వారాలా అన్న పంచాయితీకి ఇన్నిసార్లు కూర్చున్న ఫిల్మ్ చాంబర్, నిర్మాతల గిల్డ్ ఈ ఒక్క షరతును ప్రతి ఒప్పందంలో రాయించడానికి కూర్చోవాలి. పారితోషికాల మీద కన్నా దీని మీద పట్టుబడితే, మొదటి సినిమా తీసి అప్పుల్లో ఉన్న కుర్రాడికి రెండో సినిమా బేరానికి వెళ్లేటప్పుడు చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది.