ఒక పాట ప్రజాగీతమైన విధము

గద్వాలకు పండితలోకము పెట్టిన పేరు 'విద్వద్గద్వాల'. వనపర్తి, జటప్రోలు సంస్థానములును కవులను ఆదరించుటలో దానికి తీసిపోలేదు. కవి దూరప్రాంతమునుండి వచ్చి, సభలో పద్యములు వినిపించి, శాలువయు సంభావనయు స్వీకరించి మరలెడివాడు. ఆ పద్యములలో కొన్ని నేడు గ్రంథాలయముల బీరువాలలో భద్రముగా నున్నవి. అదే నేలమీద పుట్టి, ఏ సభాసమ్మానమునకును ఎదురుచూడక, లెక్కకు మిక్కిలి జనుల నోట నిలిచిన పాట ఒకటి కలదు. అది గోరటి వెంకన్నగారి 'పల్లె కన్నీరు పెడుతుందో'.

ఒక పాట ప్రజలందరి గీతమగుట ఎట్లు? ప్రభుత్వపు ఉత్తర్వుచేతనా? 2024లో తెలంగాణ ప్రభుత్వము అందెశ్రీగారి 'జయ జయహే తెలంగాణ'ను రాష్ట్రగీతముగా స్వీకరించినది. కాని ఆ ఉత్తర్వునకు చాల ముందే ఉద్యమసభలలో ప్రజలు దానిని లేచి నిలిచి పాడియుండిరి. ఉత్తర్వు ఆ వెనుక వచ్చినది. కావున ఉత్తర్వునకు పూర్వము జరుగు పని యేమో తెలిసికొనవలసి యున్నది. రేడియోలో పనిచేయు మాకు ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచుండును. ఎంతో శ్రమించి ప్రసారము చేసిన పాట ఆ పూటతో అణగిపోవును. మరియొకటి ఎవరును ప్రచారము చేయకయే ఊరూర వినవచ్చును.

దీనికి సమాధానము వెదకుటలో ఒక దూరదేశపు ఉదాహరణము మనకు తోడ్పడగలదు. అది మాటలు లేని సంగీతము. పైగా విద్యుత్ యంత్రములమీద కల్పించిన నృత్యసంగీతము. మాట లేకయే ఒక సంగీతఖండము జనుల గీతము కాగలిగినచో, మాటకు వెలుపల పనిచేయు శక్తి యేమో అచట స్పష్టముగా కనబడును.

అమెరికాలోని డెట్రాయిట్ నగరము మోటారుకారుల తయారీకి ప్రసిద్ధి చెందినది. 1950లో ఆ నగర జనాభా సుమారు 18 లక్షల 49 వేలు. 1990 నాటికి అది 10 లక్షల 28 వేలకు తగ్గినది. కర్మాగారములు మూతపడినవి, మనిషి చేయు పనిని యంత్రము చేయనారంభించినది, కలిగినవారు శివారులకు తరలిపోయిరి. అట్టి కాలమున జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అను ముగ్గురు నల్లజాతి యువకులు సింథసైజరు, డ్రమ్ మెషీను వంటి సాధనములతో 'టెక్నో' అను నూతన సంగీతమునకు రూపమిచ్చిరి. ఇందు రేడియో పాత్రయు కలదు. 'ఎలక్ట్రిఫయింగ్ మోజో' అను పేర ఆ నగరమున ప్రసారములు నడపిన ఒక ప్రయోక్త, జర్మనీదేశపు క్రాఫ్ట్‌వెర్క్ బృందము యొక్క యంత్రసంగీతమును, నల్లవారి నృత్యగీతములను ఒకే రాత్రి కలిపి వినిపించెడివాడు. ఆ యువకుల చెవులు అట్లు తయారైనవి.

1987లో డెరిక్ మే 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' అను రికార్డును వెలువరించెను. మైకేల్ జేమ్స్ అను మిత్రుని పియానో స్వరములను గైకొని, వానిని ముక్కలుగా విడదీసి, వేగము పెంచి, తంత్రీవాద్యముల ధ్వనితో జోడించెను. నృత్యసంగీతమునకు ప్రాణమని తలచెడి మంద్రస్వరపు వరుస అందులో లేనే లేదు. పియానో పలుకు తిరిగి తిరిగి వచ్చును. నడుమ అన్నియు అణగి, మరల ఒక్కమారు పొంగును. వినువాడు ఆ పొంగు వచ్చునని ఎరిగి ఎదురుచూచును. వచ్చిన క్షణమున ప్రక్కవానితో కలిసి ఎగురును. మరుసటి ఒకటి రెండేండ్లలో ఇంగ్లండు నృత్యశాలలయందు అది యువజనుల ఉమ్మడి గీతమైనది. వారిలో పెక్కుమందికి డెట్రాయిట్ కష్టములు తెలియవు. ఐనను దానిలోని ఉల్లాసమును, దాని అడుగున నున్న విషాదమును వారు గుర్తుపట్టిరి. కర్త ఉద్దేశించిన అర్థమునకు మించి, వినువారు తమ బ్రదుకును పెట్టుకొనుటకు అందు చోటు దొరకినది.

ఈ 'చోటు' అను మాటను మనసున నుంచుకొని, డెట్రాయిట్ నుండి మన నాగర్‌కర్నూలునకు వత్తము. గోరటి వెంకన్నగారు 1963లో తెలకపల్లి మండలమందలి గౌరారమున జన్మించిరి. అది నాడు మహబూబునగరము జిల్లా, జనుల నోట పాలమూరు. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగినపుడు నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడినవి. ఆయన తండ్రి యక్షగానము పాడెడివారు. వీధిభాగవతపు దరువును, భజన వంతను, తత్త్వముల నడకను చిన్ననాటనే విని పెరిగిన గొంతు అది. ఆయన పాడునపుడు కాళ్లు నిలువవు. పాటతో పాటు ఆటయు సాగును. కనుక నృత్యసంగీతమని దూరదేశపువారు వేరుగా చెప్పుకొనునది మన పల్లెకు క్రొత్తది కాదు.

2002లో 'కుబుసం' అను చలనచిత్రమున వందేమాతరం శ్రీనివాస్‌గారి సంగీతముతో, ఆయన గొంతుతోనే ఈ పాట వెలువడినది. 1991లో ఆర్థికసంస్కరణలు ఆరంభమైన పిమ్మట పదేండ్లు గడచిన కాలమది. పట్టణమున క్రొత్త వస్తువులు నిండినవి. పల్లెలో పాత పనిముట్లు మూలబడినవి. పాట చేసిన పని మొదటి చూపునకు మిక్కిలి సామాన్యము. అది కుమ్మరిని, కమ్మరిని, వడ్రంగిని, సాలెను, మేరను వరుసగా తలచును. ఒక్కొక్కని చేతిపని ఏ విధముగా ఆగిపోయినదో చెప్పును. ఇందు సిద్ధాంతచర్చ లేదు. ఆర్థికశాస్త్రజ్ఞుడు పుటలు పుటలుగా వ్రాయు విషయము చల్లారిన కొలిమిగా, పలుకని మగ్గముగా కనబడును. వినువానికి అది వార్త కాదు; తన వీధిలో తాను చూచినదే. కాని వేరువేరు ఇండ్లలో వేరువేరుగా అనుభవించిన నష్టము ఒక్క వరుసలో చేరినపుడు, అది ఊరంతటి నష్టమని మొదటిసారి తోచినది.

పల్లవిలోని 'పెడుతుందో' అను మాట చివరి అక్షరమును గమనింపుడు. 'కన్నీరు పెడుతున్నది' అనినచో అది సమాచారము. 'పెడుతున్నదా' అనినచో ప్రశ్న. 'పెడుతుందో' అనునది ఈ రెంటి నడుమ నిలుచును. చెప్పువాడు కన్నులార చూచినాడు; కాని నమ్మలేకున్నాడు; నీవును వచ్చి చూడుమని వినువానిని పిలుచుచున్నాడు. ఆ దీర్ఘపు ఓకారము పాడుటకు సులభము. గుంపుగా అందుకొనుటకు మరింత సులభము. ముందు పాడువాడు చరణమును నడుపగా, తక్కినవారు పల్లవిని అందుకొందురు. డెట్రాయిట్ పియానో పలుకు చేయు పనిని ఇచట వంత చేయుచున్నది.

మరియొక విశేషము. పల్లె అనియే గాని ఏ పల్లెయో పాట చెప్పదు. కావున ఎవని ఊరు వాడు అందులో నింపుకొనును. పాలమూరు కూలీల సంగతి శ్రోతలకు క్రొత్త కాదు. గుంపుమేస్త్రీ వెంట భార్యాబిడ్డలతో పోయి, దేశమున ఎన్నియో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారు వీరు. ఇంటికి తాళము వేసి, ముసలివారిని అరుగుమీద విడిచి బొంబాయి బస్సెక్కినవానికి ఈ పాటలోని పల్లె తాను విడిచివచ్చిన పల్లెయే. కృష్ణకు ఆవలి ఒడ్డున నేతగానికిని అది తన ఊరే. పాట రాష్ట్రమంతట ప్రాకుటకు ఇది ముఖ్యకారణమని మా అభిప్రాయము.

ప్రయాణసాధనములు కూడ అనుకూలించినవి. ఫిలిప్సువారు 1963లో లోకమునకు చూపిన చిన్న క్యాసెట్టు, ఈ పాట వచ్చునాటికి పల్లెలోని టీ దుకాణమునకును చేరియుండెను. వెండితెర దానిని పట్టణమునకు తెలిపినది. క్యాసెట్టు, లౌడుస్పీకరు ఊరిలో నిలిపినవి. తెలంగాణ ఉద్యమమున 'ధూం ధాం' అను పేర జరిగిన పాటల సభలు దానికి వేదికలైనవి. పాట చెప్పుచున్నది చేతివృత్తుల గోడు. ఉద్యమము అందులో తన గోడును విన్నది. 2014 జూన్ 2న రాష్ట్రమేర్పడిన పిదపను పాట ఆగలేదు. వెంకన్నగారి 'వల్లంకి తాళం' కవితాసంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అప్పటికే ప్రజలు తమ తీర్పు చెప్పియుండిరి.

ఒక అనుభవము చెప్పవలసి యున్నది. మేము ధ్వనిముద్రణ కొరకు గద్వాల ప్రాంతమున ఒక గ్రామమునకు పోయినపుడు, ఒక వృద్ధుడు ఈ పాటను అందుకొని, చరణముల నడుమ మోటబావిని గూర్చి తాను కల్పించిన నాలుగు మాటలను చేర్చి పాడినాడు. కరెంటు మోటారు వచ్చిన పిమ్మట మోట తోలువాని పాట ఆగిపోయినదని వాని బాధ. పాటలో అది లేదుగదా అని మాలో ఒకరు అడుగగా, "మా ఊర్ల ఉండె సారూ" అని వాడు శాంతముగా బదులు చెప్పినాడు. అంతకు మించిన విమర్శ మాకు దొరకలేదు. కవి పేరు తెలిసియు, జనులు తమ మాటను చేర్చుటకు సంకోచింపని నాడు పాట ప్రజాగీతమగును.

ఇక సంతోషమునకు అడ్డుపడు విషయమును దాటిపోరాదు. పాట గెలిచినది, పాటలోని చేతులు గెలిచినవా? ఇదే నాగర్‌కర్నూలు జిల్లాలో లింగాల మండలము అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెరమీద పండుగ సాయన్న కథను పాడుచు ఊరూర తిరిగినవారు. 2021లో 'భీమ్లా నాయక్' చిత్రగీతపు ఆరంభమున ఆయన గొంతును, తమన్‌గారి ఆధునిక వాద్యముల హోరుతో కలిపి లోకము విన్నది. 2022లో పద్మశ్రీ వచ్చినది. గొంతు ప్రతి చేతిఫోనులోను మ్రోగినది. కాని కిన్నెరను చేయనేర్చినవారు, వాయించనేర్చినవారు నేటికిని మిక్కిలి అరుదు. కీర్తి చేరినంత వేగముగా విద్య చేరలేదు.

డెట్రాయిట్‌లోను ఇట్లే జరిగినది. ఆ సంగీతమునకు యూరపు ఖండమున గౌరవము లభించినంత త్వరగా సొంత నగరమున లభింపలేదు. మూతపడిన కర్మాగారములును దాని వలన తెరువబడలేదు. పాట అంతటి పని చేయునని ఆశించుట న్యాయము కాదు. ఐనను అది చేయు పని యొకటి కలదు. పోయినది పోయినదని అందరి యెదుట చెప్పించును. ఆ చెప్పుట లేనిచో, నష్టము జరిగినట్లే ఎవరికిని తెలియదు. గద్వాల ప్రాంతమువారే యైన సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధములను ప్రక్కనుంచి, సామాన్యుల తిండిని, బట్టను, ఆటపాటలను చరిత్రగా వ్రాసిరి. ఆ గ్రంథమునకు 1955లో అకాడమీ గౌరవము దక్కినది. వెంకన్నగారి పాటయు అట్టి చరిత్రయే. చదువురానివాడును దానిని కంఠస్థము చేసినాడు.

మేము చింతించునది మరియొకటి. ప్రజాగీతమైన పాటకు ఒక అపాయము కలదు. సభ యారంభమున అలవాటుగా మ్రోగుచు, ఊరేగింపులో డీజే పెట్టెలలో హోరెత్తుచు, క్రమముగా అది చెవిని తాకియు మనసును తాకకపోవచ్చును. అందరును పాడుదురు, ఎవరును వినరు. ఆ దశ రాకుండ కాపాడుట పాడువారి చేతిలో కంటె వినువారి చేతిలో ఎక్కువగా నున్నది.

గద్వాలలో నేటికిని మగ్గము పలుకుచున్నది. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును మగ్గముమీదనే జతకూర్చు ఆ నేర్పు భౌగోళిక గుర్తింపు పొంది నిలిచియున్నది. అనగా పాటలోని జాబితా యంతయు ముగిసిపోలేదు. కొన్ని పేరులు ఇంకను బ్రదికియున్నవి. ఈసారి రేడియోలో ఆ పాట వినవచ్చినపుడు, ఇంటనున్న పెద్దవారిని ఒక మాట అడుగుడు: మన ఊరిలో ఏ పని ఆగిపోయినది, ఏ పని ఇంకను సాగుచున్నది? వారు చెప్పు పేరులను పిల్లలచేత వ్రాయింపుడు. ఆ వృద్ధుడు మోటబావిని చేర్చినట్లు, చేర్చవలసినవి ప్రతి ఊరను ఉండును.