యంత్రమునకు దుబాసీ



కంప్యూటరునకు మనము వరుసగా వ్రాసియిచ్చు ఆజ్ఞల పట్టికకు షెల్ స్క్రిప్టు అని పేరు. షెల్ అనునది దుబాసీ వంటిది. ఒక్కొక్క పంక్తిని చదివి, అప్పటికప్పుడే అర్థము గ్రహించి, పని చేయించును. యూనిక్సు అను వ్యవస్థలో 1971 నాటికే యిట్టి దుబాసీ యుండెను. నేడు పెక్కుచోట్ల వాడుకలోనున్న బాష్ 1989లో వెలువడినది.

కంపైలరు మార్గము వేరు. అది గ్రంథమునంతను ముందుగనే యంత్రభాషలోనికి అనువదించి పెట్టును. 1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాష సాధారణముగా నిట్లే నడచును. కావున స్క్రిప్టును యంత్రభాషలోనికి మార్చినచో వేగము పెరుగునని పలువురి యాశ.

మా గ్రామ గ్రంథాలయపు పట్టికలో 10,000 పంక్తులు కలవు. పుస్తకముల వెలలు కూడుటకు నా మనుమడొక స్క్రిప్టు వ్రాసెను. అది మిక్కిలి యాలస్యము చేయుచుండగా, క్రొత్త యంత్రము కొనవలెనని మా సంఘము తలపెట్టినది. మనుమడు ముందుగా ఎస్‌హెచ్‌సీ యను సాధనముతో స్క్రిప్టును యంత్రభాషా ఫైలుగా మార్చి చూచెను. ఫైలు వచ్చినది గాని వేగము రాలేదు. ఆ సాధనము స్క్రిప్టును గుప్తలిపిలోనికి మార్చి, సీ భాషా సంపుటిలో నిమిడ్చి, నడుపునపుడు మరల షెల్ చేతికే యిచ్చును. దాని పని మూలమును దాచుట. వేగము నిచ్చుట కాదు. తాళపత్రములకు పట్టుగుడ్డ చుట్టినంతనే పాఠము మాఱునా?

అసలు కారణము వేఱు. ఆ స్క్రిప్టు ప్రతి పంక్తికిని వెలను విడదీయుటకు కట్ అను ప్రోగ్రామును, కూడుటకు ఎక్స్‌పర్ అను ప్రోగ్రామును పిలుచుచుండెను. పిలిచినప్పుడెల్ల యంత్రము క్రొత్త ప్రక్రియను పుట్టించి, జ్ఞాపకమున చోటిచ్చి, పని ముగియగానే తొలగింపవలెను. ఈ లెక్కన 20,000 జననమరణములు! ఒక్కొక్క వరిపనకు ఒక్కొక్క కూలిని ఊరినుండి పిలిపించి, మోయించి, యింటికి పంపినట్లున్నది. మోతకన్న రాకపోకలకే ప్రొద్దుపోవును. సీ భాషలో వ్రాసినను, పంక్తి పంక్తికి ఆ కూలీలనే పిలిచినచో ఫలము స్వల్పమే.

అంతట 1977లో ఏహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అను మువ్వురు రూపొందించిన ఆక్ భాషలో ఆ పనినే ఒక్క పంక్తిలో వ్రాయించితిని. ఆక్ కూడ దుబాసీయే. అయినను ఒక్క ప్రక్రియయే పట్టికనంతను చదివి, కూడి, రెప్పపాటున మొత్తమును చెప్పెను.

గణితమే అధికమైన పనికి సీ వంటి భాషలో తిరిగి వ్రాయుట మేలు. ఫైళ్లను ఒకచోటినుండి వేఱొకచోటికి చేర్చు పనిలో ఆలస్యమెల్ల డిస్కుదే గావున అనువాదమువలన లాభము లేదు. కాలమెచ్చట వ్యయమగుచున్నదో టైమ్ అను ఆజ్ఞతో మొదట కొలిచి, పిదప మందు వేయుడు.

క్రొత్త యంత్రమునకై కూడబెట్టిన ధనముతో మా గ్రంథాలయమునకు పుస్తకములు కొంటిమి.